అందరికీ ఒక్కటే గొంతు

పోలండ్ టీవీలో అందరి తరఫునా ఒక్క మగమనిషే మాట్లాడతాడు. హీరో పెదవి కదిపినా ఆయన గొంతే, హీరోయిన్ కదిపినా ఆయన గొంతే. బడికి వెళ్లనని మారాం చేసే పిల్లవాడికీ ఆయనే, మంచంలో ఆఖరి మాటలు చెబుతున్న ముసలమ్మకీ ఆయనే. పరాయి దేశపు సినిమా గానీ సీరియల్ గానీ వస్తే అసలు మాటల్ని పూర్తిగా తీసెయ్యరు. బాగా తగ్గించి, గోడ అవతల ఎవరో మాట్లాడుకుంటున్నట్టు అడుగున వదిలేస్తారు. ఆ పైన ఈయన, తెర మీది మనిషి నోరు తెరిచిన కాసేపటికి మొదలుపెట్టి, వార్తలు చదివినట్టు ఆ మాటలన్నీ తమ భాషలో చదువుకుంటూ పోతాడు. నవ్వడు, ఏడవడు, గొంతు పెంచడు. ఆయన్ని వాళ్లు లెక్తోర్ అంటారట. మొదటి రోజు చూసి నాకు ఒళ్లు మండింది. ఇంత పెద్ద దేశంలో ఈ పనికి ఒక్క ఆడమనిషి దొరకలేదా అని మా దివ్యను అడిగాను.

దివ్య నా కూతురు. సూరత్‌లో పుట్టి పెరిగి, బట్టల చదువే చదివి, ఆ చదువు కోసమే పోలండ్‌లో వూచ్ అనే ఊరికి వెళ్లి, అక్కడే బట్టల నాణ్యత పరీక్షించే ఉద్యోగంలో కుదురుకుంది. వూచ్ కూడా ఒకప్పుడు మా సూరత్‌లాగే మిల్లుల ఊరు. ఇప్పుడు ఆ ఎర్ర ఇటుకల మిల్లుల్లో హోటళ్లూ దుకాణాలూ ఉన్నాయి. నేను తెలుగు మీడియం బడిలో టీచరుగా రిటైరయ్యాను కనుక, ఇక రాకపోవడానికి ఏ సాకూ లేదని అది నన్ను చలికాలంలో పిలిపించుకుంది. "అరె మమ్మీ, ఇక్కడ గిట్లనే. అందరి మాటలు ఒక్కడే చదువుతడు. చాల్సే, నాలుగు రోజులైతే అలవాటైతది," అంది. చాల్సే అంటే గుజరాతీలో సర్దుకుపోతుందిలే అని అర్థం. సూరత్ పిల్లలు ఏ దేశం వెళ్లినా ఆ మాట వెంట పెట్టుకునే వెళతారు.

దివ్య పొద్దున చీకటితో పనికి వెళ్లి మళ్లీ చీకటి పడ్డాకే వచ్చేది. బయట మంచు. జారి పడితే నడుం విరుగుతుందని నన్ను గుమ్మం దాటొద్దంది. ఇక నాకు మిగిలింది టీవీ. భాష రాకుండా టీవీ చూడటంలో ఒక సుఖం ఉంది, మనుషుల్ని తీరిగ్గా చూడొచ్చు. వాతావరణం చెప్పే అమ్మాయి దేశం పటం ముందు నిలబడి చేతులు ఊపుతుంటే, ఎటు చెయ్యి తిప్పినా చలే కదా, దీనికింత చెప్పడం ఎందుకు తల్లీ అనుకునేదాన్ని. ఆదివారం పొద్దున చర్చిలో ప్రార్థన వస్తుంది. ఇంట్లో కూర్చున్న ముసలివాళ్లు టీవీ ముందే మోకరిల్లుతారని దివ్య చెప్పింది. ప్రశ్నలకు జవాబులు చెప్పే ఆట వస్తుంది. ఓడినవాళ్లు గెలిచినవాళ్ల కంటే మర్యాదగా చేతులు కలిపి వెళ్లిపోతారు. ప్రకటనల వేళకు మాత్రం అక్కడా సౌండు రెండింతలవుతుంది. ఆ ఒక్క విషయంలో మన దేశానికీ వాళ్లకూ తేడా లేదు.

ఒకరోజు టీవీ వైపు వీపు పెట్టి వంటింట్లో క్యాబేజీ తరుగుతున్నాను. ఏదో ఇంగ్లీషు సినిమా నడుస్తోంది. ఒకావిడ వెక్కి వెక్కి ఏడుస్తూ మొగుణ్ణి తిడుతున్నట్టు అడుగున సన్నగా వినిపిస్తోంది. పైన లెక్తోర్, కూరగాయల పేర్లు చదువుతున్నంత నింపాదిగా, ఆమె అన్న ఒక్కో మాటనూ ఆమె వెనకే చెప్పుకుపోతున్నాడు. బొమ్మ కనిపించడం లేదు, గొంతు ఒక్కటే వస్తోంది. ఉన్నట్టుండి నా చెయ్యి ఆగిపోయింది. అది మా బాపు, అంటే మా నాన్న, చెప్పే తీరు. గొంతు వేరు, భాష వేరు. ఆ కాస్త ఆలస్యం, ఆ ఎగుడుదిగుడు లేని చదును, ఏడుపుకూ నవ్వుకూ ఒకే నడక, అన్నీ బాపువే. కత్తి పక్కన పెట్టి వెళ్లి టీవీ ముందు కూర్చున్నాను. బాపు పోయి చాలా ఏళ్లయింది. ఆ సాయంత్రం దివ్య వచ్చేదాకా నేను అక్కణ్ణుంచి లేవలేదు.

నా చిన్నప్పుడు మేం సూరత్‌లో ఖటోదరా అనే పేటలో ఉండేవాళ్లం. మా గది వెనక గోడకు ఆనుకుని సాంచల కార్ఖానా. మరమగ్గాల్ని మావాళ్లు సాంచలు అంటారు. రోజంతా గోడ సన్నగా వణికేది. గూట్లో స్టీలు పళ్లేలు ఆ వణుకుకు మెల్లగా ముందుకు జరుగుతూ వచ్చేవి. అవ్వకు పొద్దుగూకే వేళ వాటిని అరచేత్తో వెనక్కి నెట్టడం దీపం పెట్టడం లాంటి ఒక పని. అవ్వ అంటే మా అమ్మ. గదిలో ఎప్పుడూ మిషను నూనె వాసన, వెల్లుల్లి కారం వాసన, కొత్త బట్ట గంజి వాసన కలిసి ఉండేవి. బాపు షిఫ్టు దిగి వచ్చేసరికి జుట్టు మీద, కనుబొమ్మల మీద సన్నని నూలుపొట్టు ఉండేది. అవ్వ కొంగుతో దులిపేది. ఆయన స్నానం చేసి వచ్చి జొన్నరొట్టె, పచ్చిపులుసు ముందు కూర్చునేవాడు. కూర్చోబోయే ముందు ఒక్కసారి అరచెయ్యి గోడకు ఆనించేవాడు. సాంచలు నడుస్తున్నాయా లేదా అని చూడటం ఆయనకు అలవాటు. నల్లా మోటారు మీద కూడా అలాగే చెయ్యి వేసి చూసేవాడు. వినాల్సినవన్నీ ఆయన చేత్తో చూసేవాడు.

ఎందుకంటే బాపు చెవులు పోతున్నాయి. సాంచల మధ్య ఏళ్ల తరబడి నిలబడ్డవాళ్లకు అది మామూలు సంగతి. ఆ చప్పుడులో మాట వినపడదు కాబట్టి అక్కడ అందరూ పెదవుల్ని బాగా కదుపుతూ, చేతులు తిప్పుతూ మాట్లాడుకుంటారు. ఎదుటివాడికి మొహం చూపించి మాట్లాడటం అక్కడి మర్యాద. మొహం తిప్పుకుని మాట్లాడేవాణ్ణి ఎవడూ నమ్మడు. ఆ మర్యాదే మా ఇంట్లోకీ వచ్చింది. బాపుతో ఏదైనా చెప్పాలంటే భుజం తట్టి, ముందుకు వచ్చి, మొహం చూపించి చెప్పాలి. మా తమ్ముడికి నడక కంటే ముందు ఆ సంగతి వచ్చింది.

అవ్వకు బాపు చెవుల గురించి అంత బెంగ లేదు. ఆమె బెంగంతా ఆయన మాట గురించి. మా పక్క గదిలో మల్లయ్య తాత అని ఉండేవాడు. బాపు కంటే ముందు తరం సాంచల మనిషి. చెవులు పూర్తిగా పోయాక ఆయన గొంతు ఆయనకే వినపడక, ఒకసారి అరిచినట్టు, ఒకసారి గొణిగినట్టు వచ్చేదట. పిల్లలు నవ్వేవారట. తాత మెల్లగా మాట్లాడటమే మానేశాడు. మూగవాడు కాడు, మాట ఉండి కూడా వాడనివాడు. అన్నం కావాలంటే పళ్లెం మీద గోటితో టక్‌టక్‌మని కొట్టేవాడు. పక్క గదిలోంచి ఆ చప్పుడు వినిపించినప్పుడల్లా అవ్వ మొహం మాడిపోయేది. "మీ బాపు గట్ల కావద్దు బిడ్డా. చెవులు పోతే పోనియ్. మనిషి మాట పోవద్దు," అనేది నాతో. బాపు మొదటి నుంచీ తక్కువ మాటల మనిషి. చెవులు తగ్గేకొద్దీ అవి ఇంకా తగ్గాయి. ఆయన నోరు విప్పి నాలుగు మాటలు వరసగా చెప్పేది వారానికి ఒక్కసారే, టీవీ ముందు.

చాలీ అంటే మేముండే ఒంటిగదుల వరస, అందులో మొదటి టీవీ మా గదిలోకే వచ్చింది. ఆదివారం ఒక సీరియల్ వచ్చేది. చాలీ ఆడవాళ్లు, షిఫ్టు లేని మగవాళ్లు, పిల్లలు మా గదిలో చేరేవాళ్లు. అది హిందీ. అప్పుడే ఊళ్లనుంచి దిగిన మావాళ్లకు హిందీలో కిరాణా కొట్టు మాటలకు మించి రావు. బాపు అందరికంటే ముందు సూరత్ వచ్చినవాడు కాబట్టి ఆయనకు వచ్చు. ఆయన టీవీ పక్కనే గోడకు ఆనుకుని కూర్చుని, తెర మీది ప్రతి మాటనీ తెలుగులో చెప్పేవాడు. ఆడమాట, మగమాట, పిల్లమాట అన్నీ ఆ ఒక్క గొంతులోనే. సీరియల్లో వాళ్ల పేర్లు మాకు నోరు తిరగవు. అందుకని ఆమె గుండ్రబొట్టామె, ఆయన సూటాయన. అవ్వ ఎప్పుడూ బాపుకు ఎదురుగా కూర్చునేది. తెర మీద ఎవరు నోరు తెరిచినా ఆమె బాపు వైపు చూసి, "గామె ఏమంటున్నదయ్యా?" అని అడిగేది. కాసేపాగి బాపు చెప్పేవాడు.

మొదట్లో ఆయన విని చెప్పేవాడు. తర్వాత సగం విని సగం చూసి చెప్పేవాడు. ఆ పైన చూసి మాత్రమే చెప్పేవాడు. ఆ మార్పు ఎప్పుడు జరిగిందో ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే కథ ఆగలేదు. కాకపోతే అది మెల్లమెల్లగా సాంచల కథ అయింది. సూటాయన ఫోనులో కోపంగా అరుస్తుంటే, "తానుల నూనె డాగు పడ్డదట. మార్కెట్ల నుంచి వాపస్ జేసిండ్రట," అని బాపు చెప్పేవాడు. గుండ్రబొట్టామె కళ్లు తుడుచుకుంటే, "నూనె ఎక్కువ పోస్తున్నరని నేను అప్పుడే చెప్పిన గదా, అంటున్నది," అనేవాడు. ఒకసారి ఆ ఇంటి పెద్దాయన గుండె పట్టుకుని కూలబడ్డాడు. "బీము ఎత్తంగ నరం పట్టింది," అన్నాడు బాపు. బీము అంటే నూలు చుట్టిన పెద్ద ఇనుప కండె. దాన్ని ఎత్తబోయి నరం పట్టని మగవాడు మా చాలీలో లేడు. ఆడవాళ్లంతా జాలిపడి, ఉప్పు మూట వెచ్చజేసి కాపడం పెట్టాలని టీవీకి సలహా చెప్పారు. పై వారం ఆ పెద్దాయన ఫోటోకు దండ పడేసరికి గది గదంతా బిత్తరపోయింది. నరం పట్టి మనిషి పోవడమేంటి. బాపు కాసేపు ఆలోచించి, "మందు తాగకుండ తిరిగిండు," అన్నాడు. అందరూ ఒప్పుకున్నారు.

తెర మీది మనిషి వీపు చూపించి మాట్లాడితే మాత్రం బాపు దగ్గర ఎప్పుడూ ఒకటే మాట. "మొకం చూపిస్తలేడు. అబద్ధమాడుతున్నడు." విచిత్రమేమిటంటే, ఆ మాట చాలాసార్లు నిజమయ్యేది.

అలా నడుస్తుండగా ఎదురింటికి పద్మ అని కొత్త కోడలు వచ్చింది. భీవండిలో పెరిగిన పిల్ల. అదీ సాంచల ఊరే, కానీ అక్కడ మనవాళ్ల పిల్లలకు హిందీ చిన్నప్పటి నుంచే వస్తుంది. వచ్చిన మొదటి ఆదివారమే మా గదిలో నా పక్కన కూర్చుంది. తెర మీద గుండ్రబొట్టామె పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఏదో అంటోంది. "బతుకమ్మ పండుగకు ఊరికి పోతున్న, పొద్దుగాల బండికి, అంటున్నది," అని బాపు చెప్పాడు. పద్మ కిసుక్కున నవ్వింది. "లేదు మామా. గామె ఇల్లు ఇడిచి పోతున్నదట. మొగడు ఇంకోదాన్ని తెచ్చుకున్నడట," అంది. అందులో కొంటెతనం లేదు, ఆ పిల్ల తనకు తెలిసింది చెప్పిందంతే. గదిలో తలలన్నీ పద్మ వైపు తిరిగాయి. ఒకామె అడిగింది, మరి మొన్న కోర్టులో ఏమైందని. పద్మ అదీ చెప్పింది. దండ పడిన పెద్దాయన గుండెజబ్బుతో పోయాడని కూడా చెప్పింది. నవ్వులు మొదలయ్యాయి. నరం పట్టింది, ఉప్పు మూట పెట్టండి, అని ఎవరో గుర్తుచేస్తే ఇంకా నవ్వారు.

బాపుకు ఆ నవ్వు వినపడలేదు, కనపడింది. "ఏమైంది?" అన్నాడు. ఎవరూ ఆయనకు మొహం చూపించి చెప్పలేదు. ఆయన తెర వైపు చూశాడు, పద్మ చుట్టూ మూగిన తలల వైపు చూశాడు, అర్థం చేసుకున్నాడు. లేచి బయటికి వెళ్లి అరుగు మీద కూర్చున్నాడు. అవ్వ వాకిలి దాకా వెళ్లి నిలబడింది. ఆయన ఆమె వైపు చూడలేదు.

ఆ తర్వాత ఆదివారాలు బాపు గోడవైపు తిరిగి పడుకునేవాడు. పద్మే కథ చెప్పేది. గొంతు మార్చి, కళ్లు తిప్పి, ఏడ్చేచోట ఏడుపు గొంతుతో చక్కగా చెప్పేది. చాలీ అంతా మురిసిపోయేది. ఇంట్లో మాత్రం బాపు మాట ఎండిపోతూ వచ్చింది. నీళ్లకు చెయ్యి చూపించేవాడు, ఉప్పుకు వేళ్లు నలిపేవాడు. నేను ముందుకు వెళ్లి నిలబడి ఏదైనా అడిగితే తల ఊపేవాడు. ఒకరోజు అన్నం తింటూ, మారు కావాల్సి వచ్చి, పళ్లెం అంచు మీద గోటితో టక్‌మని కొట్టాడు. అవ్వ చేతిలో గరిటె ఆగిపోయింది. అన్నం వడ్డించింది. తర్వాత పొయ్యి ముందు కూర్చుని చాలాసేపు ఏడ్చింది. ఆమె ఎందుకు ఏడుస్తోందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. నాకూ భయం వేసింది.

పై ఆదివారం అందరూ చేరకముందే అవ్వ బాపును నీళ్లు పట్టుకురమ్మని నల్లా దగ్గరికి పంపింది. టీవీ పెట్టింది. సౌండు తిప్పే గుండీని ఎడమవైపుకు, ఇక తిరగనంత దాకా తిప్పేసింది. బొమ్మ ఉంది, చప్పుడు లేదు. వచ్చినవాళ్లు ఒక్కొక్కరే అడిగారు, టీవీకి ఏమొచ్చిందని. "దానికి ఏం రాలే. నాకు తల నొస్తున్నది," అంది అవ్వ. పద్మ లేచి గుండీ దగ్గరికి వెళ్లబోయింది. "అత్తా, జర సన్నగ పెడ్త," అంది. అవ్వ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "వద్దు పద్మా. ఆ మాటలు మాకెట్లయినా తెల్వయి. చెప్పెటాయన ఉన్నడు గదా," అంది. పద్మ అవ్వ మొహంలోకి చూసింది.

బాపు బిందెతో వచ్చాడు. దించి, గోడ వైపు నడవబోయాడు. అవ్వ లేచి ఆయన మణికట్టు పట్టుకుని టీవీ పక్కకు, ఆయన ఎప్పుడూ కూర్చునేచోటికి తీసుకొచ్చింది. ఆయన కూర్చోలేదు. యాంటెన్నా వైరు సరిచేసే మనిషిలా టీవీ మీద అరచెయ్యి వేసి కాసేపు నిలబడ్డాడు. అవ్వ వైపు చూశాడు. తర్వాత కూర్చున్నాడు. అవ్వ ఎదురుగా కూర్చుని, పెదవులు బాగా కదుపుతూ అడిగింది. "గామె ఏమంటున్నదయ్యా?" గోడ వెనక సాంచలు ఆడుతున్నాయి. అవ్వ మళ్లీ అడిగింది. అప్పుడు పద్మ, మోకాళ్ల మీద జరిగి వచ్చి, ఆయనకు మొహం చూపించి, "మామా, గా సూటాయన ఏమంటున్నడు? చెప్పరాదు," అంది. బాపు తెర వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు. "కొత్త బీము వచ్చేదాక ఆగుమంటున్నడు," అన్నాడు.

అప్పటినుంచి మా ఇంట్లో టీవీకి సౌండు లేదు. చాలీలో వేరే గదుల్లోకీ టీవీలు వచ్చాయి. అసలు కథ కావాల్సినవాళ్లు అక్కడికి వెళ్లారు. కానీ మా గది ఖాళీ కాలేదు. పద్మ సగం కథ వేరే గదిలో విని, మిగతా సగానికి మా గదికి వచ్చేది, సాంచల కథే బాగుందని. బాపు చెవులు పూర్తిగా పోయాయి, మాట మాత్రం పోలేదు. సీరియల్ అయ్యాక కూడా కాసేపు ఆ నోరు ఆగేది కాదు. ఊరి సంగతులు, సేఠ్ సంగతులు, నా చదువు సంగతులు చెప్పేవాడు. నా పెళ్లిలో అప్పగింతలప్పుడు మా అత్తగారి ఎదురుగా నిలబడి నా గురించి ఆయన అన్నది నాలుగు వాక్యాలే, అవి నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. పోయే ముందు కూడా మాట్లాడుతూనే పోయాడు. అవ్వ ఎంత గొప్ప పని చేసిందో నాకు పెద్దయ్యాక అర్థమైంది. పాపం బాపుకు మాత్రం సౌండు లేదన్న సంగతి చివరిదాకా తెలియనే తెలియదనుకున్నాను.

వూచ్‌లో దివ్య ఉండే ఇంటి కింది భాగంలో ఇల్లుగలావిడ హలీనా గారు ఉంటారు. నాకంటే పెద్దది. వయసులో ఉండగా ఆ ఊరి నేత మిల్లులోనే పనిచేసిందట. మిల్లు మూతపడ్డాక చాలా ఏళ్లు ఇంగ్లండులో ఒక హోటల్లో బట్టలుతికే పనికి వెళ్లొచ్చింది. అందుకే ఇంగ్లీషు బాగా వచ్చు. నా ఇంగ్లీషూ ఆమె ఇంగ్లీషూ కలిస్తే పని జరిగిపోయేది. నాతో ఏదైనా చెప్పాలంటే ఆమె కుర్చీలో కూర్చుని చెప్పదు. లేచి వచ్చి నా ఎదురుగా నిలబడి, పెదవులు బాగా కదుపుతూ చెబుతుంది. మొదటిసారి అలా చేసినప్పుడే నాకు ఈమె మనమనిషి అనిపించింది. మధ్యాహ్నాలు నన్ను కిందికి పిలిచి, టీ ఇచ్చి, టీవీ ముందు కూర్చోబెట్టేది.

ఒకనాడు ఇంగ్లీషు సినిమా వస్తోంది. దివ్యకు ఆ రోజు సెలవు. "మమ్మీ, అసలు ఇంగ్లీషులోనే వినొచ్చు, రిమోట్‌ల ఉంటది," అని ఏదో నొక్కింది. లెక్తోర్ గొంతు ఆగిపోయింది. అడుగున ఉన్న మాటలు పైకొచ్చాయి. హలీనా గారికీ ఇంగ్లీషు వచ్చు కదా, అందరికీ బాగుంటుందనుకున్నాం. ఆమె కాసేపు చూసింది. కుర్చీలో అటూ ఇటూ కదిలింది. చివరికి దివ్యతో తమ భాషలో ఏదో అంది. దివ్య నవ్వి, రిమోట్ మళ్లీ నొక్కింది. ఆ మగగొంతు తిరిగి వచ్చింది. హలీనా గారు టీ కప్పు చేతిలోకి తీసుకుని వెనక్కి వాలింది. ఏమన్నదని దివ్యను అడిగాను. "మాటలు అర్థమైతయట. కానీ చెప్పే మనిషి లేకపోతే ఇల్లు ఖాళీగ ఉన్నదట," అంది.

నేను పైకి వచ్చి చాలాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాను. ఖటోదరాలో మా గదికి పొద్దున పూట చీరల దారాలు కత్తిరించే పని తెచ్చి ఇచ్చే హిందీ ఆమె వచ్చేది. అవ్వ, ఆమె గంటలకొద్దీ కబుర్లు చెప్పుకునేవాళ్లు. కొడుకు చదువు, అత్త కోపం, అన్నీ. ఏ భాషలో చెప్పుకునేవాళ్లు? హిందీలోనే కదా. ఆ హిందీ ఆమెకు తెలుగు ముక్క రాదు. నేను ఆ పక్కనే కూర్చుని లెక్కలు చేసుకునేదాన్ని. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ పొద్దుటి హిందీనీ, ఆదివారం నాటి "ఏమంటున్నదయ్యా"నూ పక్కపక్కన పెట్టి చూడలేదు. ఇన్నేళ్లు పిల్లలకు పాఠాలు చెప్పి ఏం లాభం, నా మొహం.

సూరత్ తిరిగి రాగానే అవ్వ దగ్గరికి వెళ్లాను. అవ్వ ఇప్పుడు కోసాడ్‌లో మా తమ్ముడి ఫ్లాటులో ఉంటుంది. తమ్ముడు పల్సానాలో అద్దకం మిల్లులో పనిచేస్తాడు. వాడికి కంపెనీవాళ్లు చెవుల్లో పెట్టుకోవడానికి మెత్తటి బిరడాలు ఇచ్చారు, వాడు వాటిని మెడలో వేలాడదీసుకుని తిరుగుతాడు. ఇంట్లో ఎవరి ఫోను వాళ్లది, ఎవరి చెవుల్లో వైర్లు వాళ్లవి. మనవడు గుజరాతీ నవ్వుల వీడియోలు చూస్తాడు, కోడలు తెలుగు వంటలు చూస్తుంది. ఇప్పుడు రాని భాష అంటూ లేదు, కింద అక్షరాలు పరిగెడతాయి. చెవులు అందరివీ బాగానే ఉన్నాయి. ఒకర్నొకరు ఏమంటున్నదని అడిగే అవసరం మాత్రం పోయింది. దాన్ని బాధ అనను. చెవులు బాగుండటం మంచిదే. ఖటోదరా గది మళ్లీ కావాలని నేను కలలో కూడా కోరుకోను. అయినా ఆ ఇంట్లో కూర్చున్న కాసేపట్లో నాకు ఎవరి మొహమూ నిండుగా కనపడలేదు.

అవ్వ ముందుగదిలో దివాన్ మీద కూర్చుని టీవీ చూస్తోంది. ఎప్పట్లాగే సౌండు లేదు. పెద్దతనంలో చప్పుడు పడదేమో అనుకునేవాళ్లం ఇన్నాళ్లూ. మనవడు వచ్చి సౌండు పెడితే ఆమె మాట్లాడకుండా రిమోట్ తీసుకుని తగ్గించేస్తుంది. చెవులు మాత్రం భేషుగ్గా ఉన్నాయి, వంటింట్లో పాలు పొంగితే అందరికంటే ముందు ఆమెకే తెలుస్తుంది. నేను పక్కన కూర్చుని పోలండ్ సంగతి చెప్పాను. అందరి మాటా ఒక్కడే చెబుతాడని చెప్పాను. అవ్వ ఆశ్చర్యపోలేదు. "మంచిగ చెప్తడా?" అని అడిగింది. "బాపు లెక్కనే చెప్తడు," అన్నాను. ఆమె తల ఊపింది.

"అవ్వా, నీకు హిందీ వచ్చు గదా అప్పుడు," అన్నాను.

"ఎందుకు రాదు బిడ్డా. మీ బాపు కంటె మంచిగనే వచ్చు."

"మరి ప్రతి మాటకు ఆయన్ని అడుగుతుంటివి."

"అడగకపోతే చెప్తడా మల్ల," అంది అవ్వ. కాసేపు తెర వైపు చూసి, ఏదో గుర్తొచ్చినట్టు నా వైపు తిరిగింది. "నువ్వేమో ఆయనకు తెల్వదనుకుంటున్నవు. సౌండ్ బంద్ జేసిన సంగతి."

"తెల్వదు గదా."

"అదెట్ల తెల్వదు. గోడ మీద చెయ్యి పెట్టి సాంచలు నడుస్తున్నయో లేదో చూసెటోడు. టీవీ మీద చెయ్యి పెడితే సౌండు ఉన్నదో లేదో తెల్వదా? మొదటి దినమే పెట్టి చూసిండు. నా దిక్కు చూసిండు. ఏం అనలే. పోయి కూసొని చెప్పుడు షురూ జేసిండు."

అరచెయ్యి టీవీ మీద వేసి నిలబడ్డ బాపు, ఆ పక్కన బిందె, అంతా కళ్ల ముందుకు వచ్చి కన్నీళ్లు ఆగలేదు. ఆమె తన కోసమే అడుగుతోందని తెలిసి ఆయన చెప్పాడు. ఆయన తన కోసమే చెబుతున్నాడని తెలిసి ఆమె అడిగింది. అన్నేళ్లూ ఆ గదిలో తెలియనిది మాకే. ఆ సంగతి ఇద్దరూ ఎప్పుడైనా మాట్లాడుకున్నారా అని అడిగాను. "ఏం మాట్లాడుకుంటం," అంది అవ్వ.

"మరి ఇప్పుడెందుకవ్వా? బాపు లేడు గదా. సౌండు పెట్టుకోరాదు."

అవ్వ రిమోట్‌ను తన తొడకిందికి జరుపుకుంది, నేనెక్కడ నొక్కుతానో అని. "సౌండు పెడితే మీ బాపు గొంతు ఇనరాదు బిడ్డా," అంది.

తెర మీద ఎవరో పట్టుచీర ఆమె అత్తగారి ముందు నిలబడి ఏదో చెబుతోంది. చెబుతూ చెబుతూ కిటికీ వైపు తిరిగి, వీపు చూపించింది. అవ్వ కాసేపాగింది. తర్వాత, నవ్వూ కోపమూ ఏమీ లేని చదును గొంతుతో, నాకు మొహం చూపించి చెప్పింది.

"మొకం చూపిస్తలేదు. అబద్ధమాడుతున్నది."